ఆమెన్ చెప్పని కారు

వసంతం వచ్చిందంటే ఇటలీలోని సాన్ వీతో ఊళ్లో ఒక ఆదివారం కార్లన్నీ చర్చి ముందు బారులు తీరుతాయి. ఫాదర్ ఆర్మాందో గారు ఒక్కో కారు దగ్గరా ఆగి, తీర్థజలం చిలకరించి దీవిస్తారు. దీవెన అందుకున్న కారు ఊరికే ఉండకూడదు. లోపల కూర్చున్నవాళ్లు ఒక్క తొక్కు తొక్కి ఇంజిన్ చేత గర్జన చేయించాలి. కారు ఆమెన్ చెప్పిందంటారు ఊళ్లో. పేరుమోసిన రేసుకార్లు తయారయ్యే మోడెనా చుట్టుపక్కల పుట్టినవాళ్లు ఇంజిన్ గొంతు విని బండి వయసూ, బండివాడి గుణమూ చెప్పేస్తారు. అందుకే ఈ ఆచారంలో వింత ఏముందో ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు మాత్రం ఒత్తొరీనోకు ఆ ఆదివారం తలుచుకుంటేనే దిగులు. పాత కార్ల సంఘానికి పెద్ద అతనే. వరసలో మొదట నిలిచేది ఎర్మెస్. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగి, ఒకే పాత స్కూటరు విప్పి బిగించి పెద్దవాళ్లయినవాళ్లు. మోకాలు అరిగి క్లచ్ తొక్కలేకపోతున్నానని ఎర్మెస్ తన ఎర్ర కారు అమ్మేసి, కరెంటుతో నడిచే స్పోర్ట్స్ కారు కొన్నాడు. దానికి క్లచ్ లేదు, గేర్లు లేవు. గొంతు అసలే లేదు.

శుక్రవారం సాయంత్రం బార్లో పంచాయితీ మొదలైంది.

"నాకు మాట మాత్రం చెప్పకుండా కొన్నావు కదరా!" అన్నాడు ఒత్తొరీనో.

"చెబితే కొననిచ్చేవాడివా?"

"దాని మొహం ఎప్పుడైనా ఎదురుగా నిలబడి చూశావా? గాలి పీల్చుకోడానికి నోరు కూడా లేదు. ఇస్త్రీపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంది."

రొట్టెల కొట్టు లొరెత్తా పక్క బల్ల మీదనుంచి అందుకుంది. వరసలో ఒత్తొరీనో వెనక నిలిచే కారు ఆమెదే. "ఇప్పటి పెట్రోలు బండ్లు మాత్రం బాగున్నాయా అన్నయ్యా? అన్నిటికీ కోపమే. కళ్లు చిట్లించి పళ్లు బయటపెట్టి వెనకాల వస్తుంటే, అత్తగారు వెంటబడ్డట్టు ఉంటుంది. ఎర్మెస్‌ది నయం, నున్నగా ఏటి గులకరాయిలా ఉంది. కాకపోతే కాస్త ఒళ్లు ఎక్కువ."

"ఒళ్లు నాకూ ఎక్కువే. అందుకని నన్ను సంఘంలోంచి తీసేశారా?" అన్నాడు ఎర్మెస్.

"లోపల చూడమ్మా లోపల!" ఒత్తొరీనో వదల్లేదు. "వేగం చూపే ముల్లు లేదు, ఒక్క మీట లేదు. టీవీ ముందు కూర్చుని ఊరేగినట్టు!"

అందరూ నవ్వారు, ఎర్మెస్ కూడా. ఆ ఊపులోనే ఒత్తొరీనో నోరు జారాడు. "ఆమెన్ చెప్పలేని బండికి వరసలో ఏం పని? గోడ పక్కన సైకిళ్ల దగ్గర పెట్టుకో."

ఎర్మెస్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "సైకిళ్ల దగ్గరైతే నేను రాను. ఈ ఏడే కాదు, ఏ ఏడూ రాను." కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంట్లో ఒత్తొరీనో భార్య నివెస్ సంగతంతా విని, తొర్తెల్లీని సూపు గిన్నె అతని ముందు ఠక్కున పెట్టింది. "ఇన్నేళ్ల స్నేహం ఒక పొగగొట్టానికి వేలాడుతోందన్నమాట."

"ఆచారం అంటే ఆచారమే కదే."

"మీ తాత దీవెనకి గాడిదను తోలుకొచ్చేవాడు. అది ఓండ్ర పెట్టేదాకా ఫాదర్ ఆగేవాడా? దేవుడికేమన్నా చెవుడా?"

ఆ రాత్రి ఒత్తొరీనో జపమాల తిప్పుతుంటే ప్రార్థన మధ్యలో రెండుసార్లు తప్పిపోయింది. తెల్లారగానే ఎర్మెస్‌కు ఫోన్ చేశాడు. "వచ్చి నీ చోట్లోనే నిలబడు. ఫాదర్ నీ బండి ఆమెన్ ఒప్పుకుంటే ఉంటావు. ఒప్పుకోకపోతే నువ్వే పక్కకు తీయాలి."

"సరే. నా బండి గొంతు నువ్వింకా వినలేదులే," అన్నాడు ఎర్మెస్ గుంభనంగా.

ఆదివారం ఎండ బాగా కాసింది. ముందు ఎర్మెస్ ముదురాకుపచ్చ కారు, వెనక ఒత్తొరీనో పాత కారు, దాని వెనక లొరెత్తా. ఆమెన్‌కి సిద్ధంగా ఇంజిన్లన్నీ గురగురలాడుతున్నాయి. ఫాదర్ ఆర్మాందో గారికి చూపు మందగించింది. చేత్తో కారును తడిమి నీళ్లు చిలకరిస్తారు, గర్జన వినబడ్డాక తరవాతి దాని దగ్గరికి నడుస్తారు.

ఆయన మొదటి కారును దీవించి ఆగారు. ఏమీ వినబడలేదు. చెవి ఒగ్గి నిలబడ్డారు.

ఎర్మెస్ కారులోని తెర మీద ఏదో నొక్కాడు. కారులోంచి ఒక కూత లేచింది. బావిలో పడ్డ విమానం లోపల్నుంచే ఎగరడానికి ప్రయత్నిస్తున్నట్టుంది. గోడ మీది పావురాలు చెదిరిపోయాయి. లొరెత్తా నవ్వాపుకోలేక స్టీరింగు మీద వాలిపోయింది.

"ఏమిటి నాయనా ఇది? ఇంజినేనా?" అని అడిగారు ఫాదర్.

ఎర్మెస్ మొహం ఎర్రబడింది. నలుగురి ముందూ అబద్ధమాడొచ్చు. తీర్థజలం పట్టుకున్న మనిషి ముందు ఎలా ఆడతాడు? "కాదు ఫాదర్. స్పీకరు. ఉత్తుత్తి మోత." దాన్ని కట్టేశాడు.

అందరి చూపులూ ఒత్తొరీనో మీదికి తిరిగాయి. పక్కకు తియ్యమని అనాల్సింది అతనే. ఉత్తుత్తి మోత తప్పే, నిజమే. మరి నిజం ఒప్పుకున్నవాణ్ని గోడ పక్కకు పంపడం ఒప్పా? ఫాదర్ మాత్రం చెయ్యి పైకెత్తి అలాగే నిలబడి ఉన్నారు. ఎండలో పాత ఇంజిన్లు వేడెక్కి వాసన వేస్తున్నాయి.

చివరికి ఎర్మెస్ కిటికీలోంచి తల బయటపెట్టి, బొంగురు గొంతుతో గట్టిగా అన్నాడు: "ఆమెన్!"

ఫాదర్ ముసలి మొహం వికసించింది. "అబ్బ! ఈ వీధిలో ఇన్నేళ్లకి ఒక మనిషి బదులిచ్చాడు," అంటూ ముందుకు నడిచారు.

ఒత్తొరీనో కారు మీద నీళ్లు పడ్డాయి. అతను బలంగా తొక్కాడు. కారు ఒక్క దగ్గు దగ్గి, ముందునుంచి ఆవిరి వదిలి, చల్లగా ఆగిపోయింది. తాళం తిప్పాడు. కదల్లేదు. బతిమాలాడు. లాభం లేకపోయింది. ఫాదర్ చెవి ఒగ్గి ఎదురుచూస్తున్నారు.

"ఆమెన్," అన్నాడు ఒత్తొరీనో. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఇన్నాళ్లూ ఆ మాట కారు చేతే అనిపించాడు. తనకోసం తాను ఏనాడైనా అన్నాడా?

"ఏమయ్యా పెద్దమనిషీ!" మెట్ల మీదనుంచి నివెస్ కేకేసింది. "నువ్వూ సైకిళ్ల దగ్గరికేనా?"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. ఒత్తొరీనో కిందికి దిగి, వరసకేసి తిరిగాడు. "ఎర్మెస్ చోటు ఎర్మెస్‌దే. అరిచే బండి అరుస్తుంది, అరవలేని బండికి మనిషి చెబుతాడు. ఇక దీని మీద పంచాయితీ లేదు."

భోజనాలు కొండ మీది హోటల్లో. ఒత్తొరీనోను ఎక్కించుకోడానికి ఎర్మెస్ ఆగాడు. తలుపు తెరవడానికి పిడి ఎక్కడుందో తెలియక ఒత్తొరీనో కారంతా తడిమాడు.

"పెయింటు పోతుందిరా, నిమరకు! ఆ గీత దగ్గర నొక్కు."

"తలుపుకి పిడి దాచిపెట్టడమేం అందంరా! ఇంట్లోకి రావద్దని చెప్పినట్టు." గొణుక్కుంటూనే కూర్చున్నాడు. కిటికీలు ఇరుకన్నాడు, సీటు ఆసుపత్రి కుర్చీలా ఉందన్నాడు. ద్రాక్షతోటల మధ్య దారి తిన్నగా సాగింది. ఎర్మెస్ పాదం మోపాడు. ఒత్తొరీనో వీపు సీటుకు అతుక్కుపోయింది. మలుపు దగ్గర బండి నెమ్మదించాక గానీ ఊపిరి తీసుకోలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఎర్మెస్.

"అనాకారిది."

"నేనడిగింది అందం గురించి కాదు."

ఒత్తొరీనో సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. "మలుపు దాటాక ఇంకోసారి తొక్కు," అన్నాడు. "నివెస్‌కి చెప్పకు."