నూరు రాత్రుల గడ్డం

సెమేసా ముఖాన ఇరవై ఏళ్ళుగా ఒక్క వెంట్రుక నిలవలేదు. ఫిజీలో చెరకు మిల్లు ఉన్న ఒక ఊరి ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు అతను. పొద్దున్నే లేచి నున్నగా గీసుకున్నాకే డ్యూటీకి బయలుదేరేవాడు. భార్య అకెనెటా గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఏడిపించేది.

"మా నాన్న గడ్డంలో పిట్ట గూడు పెట్టుకోవచ్చు. నీ ముఖం చూడు, తొక్క తీసిన టారో దుంపలా ఉంది."

"రిటైరయ్యాక పెంచుతాలే."

"పెంచు. నిన్నొకసారి గడ్డంతో చూడాలని ఉంది నాకు."

ఆ ఏడు వానాకాలంలో అకెనెటా పీతల కోసం వెళ్ళి రాతి మీద కాలు కోసుకుంది. చిన్న గాయమే కదా అని పసరు రాసుకుని ఊరుకుంది. తీరా ఆసుపత్రికి తెచ్చేసరికి ఒళ్ళంతా విషం పాకింది. సెమేసా పనిచేసే చోటే, అతని కళ్ళముందే పోయింది.

చావు జరిగిన ఇంట్లో మగవాళ్ళు నూరు రాత్రులు ముఖానికి కత్తి తగలనివ్వరు. సెమేసా కూడా తగలనివ్వలేదు. సెలవు అయిపోయి డ్యూటీలో చేరేసరికి గడ్డం దట్టంగా అల్లుకుంది, అక్కడక్కడా నెరిసి. అద్దంలో దాన్ని చూసుకున్నప్పుడల్లా చప్పున గుమ్మం వైపు తిరిగేవాడు, చూపిద్దామని.

థియేటర్ పెద్ద, సిస్టర్ కెలెరా, అతన్ని పక్కకి పిలిచింది. ఆమెకీ ఆ ఆచారం తెలుసు. ఆమె తమ్ముడు పోయినప్పుడు వాళ్ళింటి మగవాళ్ళూ పాటించారు.

"గీసుకోమని నా నోటితో ఎలా అనను సెమేసా? తల, మెడ కలిపి కప్పే ముసుగు ఇస్తాను. దాని మీద మాస్కు కట్టుకో. చేతులు కడుక్కునే ముందే అన్నీ సర్దుకో, తర్వాత ముట్టుకోకు."

"సరే సిస్టర్."

"ఆ దవడ మాత్రం కదపకు. గడ్డం మాస్కుకి రాసుకుంటే చర్మం పొట్టు రాలుతుంది, దానితో పాటే క్రిములూ రాలతాయి. గడ్డం లేనివాళ్ళకి రాలవని కాదు. నీకు ఇంకాస్త ఎక్కువ."

అతను బుద్ధిగా తల ఊపాడు. కానీ ఆ ఉక్కలో ముసుగు కింద చెమట పట్టి గడ్డం ఒకటే దురద. చేతులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ముట్టుకోకూడదు. తెలియకుండానే దవడ ఆడించేవాడు, ఒక్కోసారి చుబుకాన్ని భుజానికేసి రుద్దుకునేవాడు.

ఒకరోజు నెలల పసివాడికి పేగు ముడిపడి ఆపరేషన్. సెమేసా పనిముట్లు అందిస్తున్నాడు. డాక్టరు కత్తి కోసం చేయి చాచేసరికి, బిడ్డ మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీద, కోయబోయే చోటుకి బెత్తెడు దూరంలో, ఒక పొట్టి వెంట్రుక కనబడింది. వంకర తిరిగి ఉంది. సగం నెరిసింది.

ఎవరూ చూడలేదు.

"ఆగండి డాక్టర్," అన్నాడు సెమేసా. "గుడ్డ మార్చాలి. నా గడ్డంది, రాలింది."

గుడ్డలు, పనిముట్లు అన్నీ మార్చారు. సెమేసా తప్పుకున్నాడు, ఇంకో నర్సు వచ్చి నిలబడింది. బిడ్డకి ఏమీ కాలేదు. బయట ఆ బిడ్డ తల్లి చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆమె ముందునుంచి నడవలేక సెమేసా వెనక దారిన వెళ్ళిపోయాడు.

నూరు రాత్రులు ఇంకా నిండలేదు. అడగకుండా గీసుకుంటే అకెనెటా పుట్టింటివాళ్ళని కించపరిచినట్టే. ఆదివారం, పెద్ద మాట అడిగేటప్పుడు ముందు పెట్టే యంగోనా మొక్క వేళ్ళ కట్ట పట్టుకుని ఆమె ఊరికి వెళ్ళాడు. అకెనెటా అన్న, పేరు వెరెనికి, వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. అతనికీ గడ్డం గుబురుగా పెరిగింది. ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు, ఎదురుపడితే తిట్టుకోకుండా ఉండరు.

"ఎవర్రా ఈ మేకపోతు? దారి తప్పొచ్చావా బావా?"

సెమేసా నవ్వలేదు. చాప మీద కూర్చుని, వేళ్ళ కట్ట ముందు పెట్టి, తలొంచుకుని సంగతంతా చెప్పాడు.

"మీ చెల్లి కోసం పెంచుకున్నది బావా ఇది. దాన్ని చంపింది కూడా కంటికి ఆనని క్రిమే కదా. ఇప్పుడు నా ముఖం మీంచి ఇంకో బిడ్డకి పోతే..."

వెరెనికి వల పక్కన పెట్టాడు. కట్ట రెండు చేతులా అందుకున్నాడు. ఒప్పుకున్నట్టు ఆచారం ప్రకారం పలకాల్సిన నాలుగు మాటలూ పలికాడు. తర్వాత లోపలికెళ్ళి బ్లేడు, సబ్బు తెచ్చాడు.

"ముఖం పైకెత్తు. కదిలావంటే ముక్కు కోస్తా."

"నీ చేతికి ముక్కు ఇచ్చేంత వెర్రివాణ్ణి కాను. మెల్లిగా గీయి."

గీస్తూనే వెరెనికి అన్నాడు, "నీకు మిగిలిన రోజులు నేను మోస్తాలే. మేమంతా గీసుకున్నాక కూడా నాది ఉంచుతాను. మా చెల్లికి లోటు రానివ్వను."

అన్నట్టే చేశాడు. నూరో రాత్రి నిండాక అందరూ గీసుకుని విందు తిన్నారు, వెరెనికి ఒక్కడే గడ్డంతో మిగిలాడు. ఊళ్ళో పిల్లలు వెక్కిరించినా పట్టించుకోలేదు. సెమేసా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి అతని పక్కన కూర్చునేవాడు. చేపల ధర, వాన, ఏవో మాటలు. చూపు మాత్రం ఆ గడ్డం మీదే ఉండేది.

చివరికి ఆ రోజులూ నిండాయి. వెరెనికి బ్లేడు తీసుకుని వాకిట్లోకి వచ్చాడు.

"హమ్మయ్య. దీని దురద నీకు తెలియంది కాదు బావా."

సెమేసా అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం దాకా ఉంచవా?"

వెరెనికి ఏదో వేళాకోళం ఆడబోయి, అతని కళ్ళు చూసి మానేశాడు. బ్లేడు కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని, "వచ్చేటప్పుడు రొట్టె తీసుకురా," అన్నాడు.