ఎవరితో అన్నారు?

చిట్టిలాయరు ఏడేళ్లపాటు సీనియర్ గారి పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. "క్రాస్ చేసేటప్పుడు ఎందుకు అని అడగకూడదమ్మా. అడిగామో, సాక్షి మన నెత్తినెక్కి కూర్చుంటాడు. అవునా, కాదా అనే అడుగు. ఒక్కో ప్రశ్నకి ఒక్క సంగతే. కావలసిన మాట రాగానే నోరు మూసుకుని కూర్చో" అనేవారు. ఆమె తండ్రి పోయినప్పుడు దగ్గరుండి అన్నీ చూసుకున్నదీ ఆయనే.

ఒకరోజు పొద్దున ఆమె ఉండే అపార్ట్‌మెంటులో ప్రమాదం జరిగింది. నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది గాని లోపల లిఫ్టు లేదు. భుజాన పనిముట్ల సంచితో, వెనక్కి తిరిగి ఆమెతో కబుర్లాడుతూ ప్లంబర్ బాబాయి అందులోకి అడుగు వేశాడు. రెండంతస్తుల కింద ఆగి ఉన్న లిఫ్టు కప్పు మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గాని తుంటి ఎముక విరిగింది. ఆయన నష్టపరిహారం కోసం కేసు వేస్తే, రిపేరులో ఉందని బోర్డు తగిలించామనీ, ఆయనే చూసుకోలేదనీ లిఫ్టు కంపెనీ వాదించింది. బోర్డు లేదని చెప్పగలిగింది చిట్టిలాయరు ఒక్కతే.

సాక్ష్యానికి వారం ముందు ఆఫీసులో టీ తాగుతూ సీనియర్ గారు ఆమెను పరకాయించి చూశారు.

"ఏమ్మా, మొహం అలా పీక్కుపోయిందేం? నిద్ర పట్టడం లేదా?"

ఆ మాటకే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. "బాబాయి పడడమే కళ్లముందు మెదులుతోంది సార్. నేను మాటల్లో పెట్టకపోతే ఆయన చూసుకునేవాడేమో. ఒక్కోసారి అసలు అంతా సరిగ్గా చూశానా అని నామీద నాకే అనుమానం వస్తోంది."

"ఎవరికైనా అంతేలే. ధైర్యంగా ఉండు" అన్నారాయన.

కోర్టులో ఆయన కనబడితే తనకు తోడుగా వచ్చారనుకుని ఆమె బోనులోంచి చిన్నగా నవ్వింది. ఆయన గౌను సర్దుకుని లిఫ్టు కంపెనీ తరఫున లేచారు. పాత లాయరు స్థానంలో ఆ ఉదయమే వకాల్తా వేశారట.

"ఆ రోజు మీరు పనికి ఆలస్యమయ్యారు. అవునా?"

"అవును."

"మీ చూపు ప్లంబర్ మొహం మీద ఉంది?"

"అవును."

"బోర్డు ఉందా అని ప్రత్యేకంగా వెతకలేదు?"

"లేదు."

తర్వాతి ప్రశ్న ఎటు నుంచి వస్తుందో ఆమెకు ముందే తెలిసిపోతోంది. తెలిసి ఏం లాభం? ఆయన అడుగుతున్నవన్నీ నిజాలే.

"సరిగ్గా చూశానా అని మీకే అనుమానంగా ఉందని ఎవరితోనైనా అన్నారా?"

"అన్నాను, కానీ..."

"అన్నారు కదా? చాలు." ఆయన కూర్చున్నారు.

బాబాయి తరఫు లాయరు కొత్తవాడు. కాగితాలు అటూ ఇటూ తిరగేసి, ఏమీ తోచక "ఎవరితో అన్నారు మేడమ్?" అన్నాడు.

"ఇప్పుడు నన్ను అడిగారే, ఆయనతోనే. పోయిన వారం. నేను ఆయన జూనియర్‌ని. మనిషిని ఆపలేకపోయానన్న బాధలో అన్న మాట అది. బోర్డు మాత్రం లేదు."

జడ్జి చాలాసేపు సీనియర్ గారి వైపు చూశాడు. ఆయన ఫైలు మీంచి తల ఎత్తలేదు.

వరండాలో ఆయనే దగ్గరికి వచ్చారు. "బాగా నిలబడ్డావమ్మా. వృత్తి అన్నాక తప్పదు. మనసులో పెట్టుకోకు."

"ఆ రోజు ఆఫీసులో నిద్ర పట్టడం లేదా అని నన్నడిగేటప్పటికే కేసు ఒప్పుకున్నారా సార్?"

"ముందురోజే. చెబితే నువ్వు నోరు విప్పేదానివి కాదుగా."

ఆ సాయంత్రమే ఆమె తన పుస్తకాలు సర్దుకుని ఆ ఆఫీసులోంచి వచ్చేసింది. ఆయన మీద కోపం ఒక ఎత్తు. ఆ రోజు ఆయనతో చెప్పుకుని ఎంత తేలికపడ్డ మనసుతో ఇంటికెళ్లిందో తలుచుకుంటే మాత్రం ఆమెకు తనమీద తనకే ఒళ్లు మండేది.

సాక్షి నిజాయితీపరురాలే గాని ఆమెకే పూర్తి నమ్మకం లేదని జడ్జి తీర్పులో రాశాడు. తప్పు కంపెనీదీ బాబాయిదీ చెరిసగం అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆమె వెళ్లేసరికి బాబాయి చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సగం నా తప్పేనంట కదమ్మా?"

"కాదు బాబాయ్. ఆ సగం నాది" అంది చిట్టిలాయరు.