కోచ్‌మన్ గారి ఇల్లు

ఎనిడ్ మొగుడు విల్ఫ్ సమాధి మీద పూలు ఇంకా వాడలేదు, రూపర్ట్ వచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. రాజకుటుంబం సిబ్బంది ఇళ్ల వ్యవహారాలన్నీ చూసేది వాడే. చేతిలో ఒక కేకు. కేకు తెచ్చి మరీ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు, ఏం మర్యాదో!

“మీ బాధ నాకు తెలుసండీ ఎనిడ్ గారూ. కానీ ఈ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. కొత్త కోచ్‌మన్‌కి ఇవ్వాలి కదా. ఈస్టర్‌లోపు చూసుకోండి.”

ఎనిడ్ తలూపింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను పక్కింటిదాన్ని, ప్యాలెస్ దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ నడుం పోగొట్టుకున్నదాన్ని. విల్ఫ్ వానలోనూ మంచులోనూ ఒంట్లో జ్వరంతోనూ వాళ్ల గుర్రబ్బండి తోలాడు. సొంతిల్లు కొనుక్కోవయ్యా అంటే, “పెద్దవాళ్లు మనల్ని చూసుకోరా?” అనేవాడు. మా వీధంతటికీ అదే పిచ్చి.

“నోరు లేదుటే నీకు?” అన్నాను వాడు వెళ్లాక.

“వచ్చేవాడికీ పెళ్లాం బిడ్డలుంటారు కదే. మేం వచ్చినప్పుడు ముసలి హెస్టర్ ఇలాగే ఖాళీ చేసి ఇచ్చింది.”

అదీ న్యాయమే.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కోచ్‌మన్ పోతే ఆయన ఎర్ర కోటు భార్యే దులిపి, బొత్తాలు మెరిసేలా తోమి, కొత్తాయనకి తన చేత్తో తొడగాలి. ఆ ఆదివారం కొత్త కోచ్‌మన్ గెథిన్ తన భార్య టెగ్విన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనిడ్ కోటు తొడిగింది. భుజాల దగ్గర వదులైతే అక్కడికక్కడే కుట్టేసింది. కళ్లు తుడుచుకుని టీ పోసింది.

“రామ్మా, పిల్లల గది చూద్దువుగాని. ఆ కిటికీ బిగుసుకుపోతుంది, కాస్త పైకెత్తి తొయ్యాలి.”

టెగ్విన్ మొగుడి మొహంలోకి చూసింది. “పిల్లల గదేంటండీ? మాకు గుర్రపుశాల మీద ఒక్క గది ఇచ్చారు. ఈ ఇల్లు టూరిస్టులకి అద్దెకిస్తారట కదా?”

ఎనిడ్ కుర్చీలో కూలబడింది. పాపం, గెథిన్ ఆ కోటు విప్పబోయాడు. “నువ్వేం చేశావు నాయనా, ఉంచుకో” అంది ఎనిడ్.

మర్నాడు రూపర్ట్ పెయింటర్‌ని తీసుకుని వచ్చాడు. నేను ఎదురెళ్లాను.

“సిగ్గుందా నీకు? మొగుడు పోయిన మనిషితో అబద్ధమా?”

వాడు సిగ్గుపడను కూడా లేదు. “ప్యాలెస్‌కీ ఖర్చులుంటాయండీ. అయినా విల్ఫ్ గారిని మేం మరిచిపోలేదు. ఇదిగో చూడండి.” పెయింటర్ ఒక బోర్డు తలుపు మీద బిగించాడు. బంగారు అక్షరాల్లో ‘టఫ్నెల్ కాటేజ్’ అని, విల్ఫ్ ఇంటిపేరుతో. “అతిథులకి ఇలాంటివి ఇష్టం. ఆయన టోపీ, కొరడా కూడా లోపల గోడకున్న మేకుకే వదిలేసి వెళ్తే బాగుంటుంది.”

“మొగుడి పేరు ఉండొచ్చు, పెళ్లాం ఉండకూడదా?” నేను వీధి దద్దరిల్లేలా అరిచాను.

ఎనిడ్ మాత్రం అరవలేదు. “ఇల్లు మీది. కోటు మీది. గుర్రాలూ మీవే. ఆ పేరు నాది బాబూ, పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాను. దింపు.”

రూపర్ట్ నోరు తెరిచేలోపే పెయింటర్ బోర్డు ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఈస్టర్‌కి టూరిస్టులు దిగారు. ఎనిడ్ పట్నంలో మునిసిపాలిటీ వాళ్లిచ్చిన ఒంటిగదిలో ఉంటోంది. తలుపు మీద ఆ బోర్డే కొట్టించింది, అటూ ఇటూ బయటికి పొడుచుకొచ్చి ఉంది. ప్యాలెస్ ఇంటి తలుపుకి కొలిచి చేయించిన బోర్డు, ఈ గది తలుపుకి ఎలా సరిపోతుంది?