ఆఖరి పేజీలో జానెడు ఖాళీ

మార్చి నాలుగో తారీకు గడియారాల మేస్త్రీకి బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం ఆయన ఉడికించిన గుడ్లు తింటూండగా, దుకాణంలో భాగస్వామిగా చేరబోతున్న బావమరిది ఒప్పందపత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సంతకం పెట్టెయ్ బావా. మనలో మనకి చదువుకోడాలేంటి?"

మేస్త్రీ కంటికి భూతద్దం బిగించుకుని మరీ చదివాడు. చివరి పేజీలో ఆఖరి వాక్యానికీ సంతకాల చోటుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఇరవై ఏళ్ల దుకాణం ఆ ఖాళీలోంచి జారిపోతుందేమోనని చేతిలోని గుడ్డు పక్కన పెట్టేశాడు.

"సాయంత్రం చూద్దాంలే," అన్నాడు.

పని ముగించి మేడ మీది లాయరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ మొదట వేడి టీ చేతికిచ్చి, తర్వాత కాగితం చూసింది.

"ఖాళీ ఉండగా సంతకం పెట్టకండి. ఎందుకు వదిలాడో అడగండి. రాయాల్సిందుంటే మీ ఎదుటే రాయించి, పక్కన ఇద్దరూ సంతకం చెయ్యండి. మిగిలింది గీత కొట్టెయ్యండి."

కిందికొచ్చి అడిగితే బావమరిది తల దించుకున్నాడు.

"నీకేమన్నా అయితే నీ వాటా అక్కకి రావాలని రాద్దామనుకున్నా. ఆ మాట నీ మొహం మీద ఎలా అనను?"

"అందుకని నా సంతకం అయ్యాక రాద్దామనుకున్నావా? తెలివితేటలు. ఇప్పుడే రాయి."

రాశాడు. పక్కన ఇద్దరూ సంతకాలు చేశారు. మిగిలిన రెండు వేళ్ల ఖాళీ మీద మేస్త్రీ స్కేలు పెట్టి గీత కొట్టి, అప్పుడు కింద తన సంతకం పెట్టాడు.

"ఇంకా అనుమానమేనా బావా?"

"నీ మీద కాదురా, ఖాళీ మీద."

బావమరిది చిన్నగా నవ్వి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా దుకాణం తలుపు మూశాడు.