కొలవని కోణం

లెక్కల మాస్టారికి కోణమానిని అంటే చిన్నచూపు. ట్యూషన్ పిల్లలెవరైనా దాన్ని బయటికి తీస్తే లాక్కునేవాడు. ఒక్క కోణం తెలిస్తే చాలట, మిగతావన్నీ బుర్రతో తేల్చాలట, కొలవడం చేతకానివాళ్ళ పనట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదనెందుకని పిల్లలు ఊరుకునేవారు.

ఊరుకోనిది మాస్టారి అక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. చూపు పోయి చాలా ఏళ్ళయింది. వీధివైపు గదిలో మంచం మీదే ఉంటూ, చెవులతోనే ఇల్లంతా చూస్తుంది.

"తమ్ముడూ, గది చిన్నదవుతోందిరా. నా దగ్గు చప్పుడు కప్పుకు తగిలి తొందరగా తిరిగొస్తోంది."

మాస్టారు నవ్వాడు. ఆ గదిలో నేల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా బిగించిన అటక నిచ్చెన ఉంది.

"ఈ నిచ్చెన నేలతో చేసే కోణం అరవై డిగ్రీలక్కా. బిగించినప్పుడు వడ్రంగే చెప్పాడు. నేలా కప్పూ సమాంతరం. అంటే పైన ఏకాంతర కోణం కూడా అరవయ్యే. కప్పు ఎక్కడికీ రాలేదు."

"సమాంతరం అనుకుంటే కదరా అరవై? ఎక్కి చూశావా?"

"చూడక్కర్లేదు."

రోజూ అదే పాట. చివరికి ఆవిడ అన్నం మానేసింది. "పడుకుంటే మొహం మీద ఎవరో వంగినట్టుందిరా" అని ఏడ్చింది. అక్క ఏడవడం అతనెప్పుడూ చూడలేదు. మనసు చివుక్కుమంది. ఆ మధ్యాహ్నం, ఎవరో పిల్ల మరిచిపోయిన కోణమానిని జేబులో వేసుకుని, దొంగలా అటూ ఇటూ చూసి నిచ్చెన ఎక్కాడు.

యాభై రెండు. సరిగా పెట్టలేదేమోనని మళ్ళీ పెట్టాడు. యాభై. చెయ్యి కదపకుండా చూస్తుండగానే నలభై తొమ్మిది. గబగబా దిగి కింద కొలిచాడు. అక్కడ అరవయ్యే. సమాంతరం కాని గీతలు ఏదో ఒక వైపు కలిసి తీరాలి. పైకోణం తగ్గిన ఆ వైపే అక్క తలగడ ఉంది.

"నీ మాటే నిజమక్కా" అంటూ ఆవిణ్ణి ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు, అరుగు మీద కూర్చోబెట్టాడు. మండుటెండ. వీధిలో పురుగు కూడా లేదు. బతికించుకున్నానని ఊపిరి పీల్చుకున్నాడు.

అక్క దగ్గింది. తల పక్కకు వంచి విన్నది.

"ఇక్కడా తొందరగానే తిరిగొస్తోందిరా."

మాస్టారు తలెత్తాడు. వీధి రెండు అంచులూ ఎప్పుడూ ఎక్కడో దూరాన రైలుగేటు దగ్గర కలిసినట్టు కనిపించేవి. అది కంటి భ్రమ అని పిల్లలకు చెప్పింది తనే. ఇప్పుడవి చెప్పులషాపు దగ్గర కలిశాయి. షాపు సగమే ఉంది.

"ఈసారి లెక్క చెప్పకు. చూసి చెప్పు. వీధి బాగానే ఉందా?"

చూశాడు. షాపులో మిగిలిన సగమూ లేదు.

"సమాంతరంగానే ఉందక్కా. చూసే చెబుతున్నా" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

అక్క ఇంక దగ్గలేదు. వణుకుతున్న అతని వేళ్ళను, చిన్నప్పుడు జ్వరమొస్తే నిమిరినట్టే, మెల్లగా నిమిరింది.