గీతకి పది

"టీ ఇంకా కాలేదా?" ఈయన ముందుగదిలోంచి అరిచారు. నాలుగు కప్పులు ట్రేలో పెట్టుకుని వెళ్లాను. పిట్టల సంఘం వాళ్లు ముగ్గురు వచ్చారు. సంఘానికి ఈయన సెక్రటరీ. ఉన్నవి నాలుగు కుర్చీలే. నాకు ఎప్పుడూ కుర్చీ లేదు.

ఊరి చివర మడుగులో చలికాలం దిగే పిట్టల్ని ఆరేళ్లుగా లెక్కపెట్టేది నేను. చీకటితో లేచి గట్టు మీద నిలబడాలి. ఏడింటికల్లా తిరిగొచ్చి బాక్సులు కట్టాలి. "పిట్టల్ని చూస్తే పొయ్యి అంటుకుంటుందా?" అనేది అత్తయ్య. ఈయన ముసుగు తీయకుండానే "వచ్చేటప్పుడు పాలు తీసుకురా" అనేవారు. మడుగు నిండా బాతులు దిగితే ఒక్కొక్కటీ లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. కంటితో పదేసి విడదీసి, పదికి ఒక గీత గీస్తాను. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. నా నోటుపుస్తకం చూసి ఈయన రిపోర్టు రాస్తారు. కింద పేరు ఆయనది. పేపర్లో ఫోటో ఆయనది. పోనీలే, మడుగు బతికితే చాలనుకుని నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడమే నా తప్పు.

ఇలాంటి మడుగుల్ని పూడ్చొద్దని రాష్ట్రంలోని పిట్టల సంఘాలన్నీ కలిసి ప్రభుత్వాన్ని అడిగాయి. కనీసం రెండువేల పిట్టలు దిగే మడుగునే పూడ్చకుండా వదిలేస్తారట. ఇన్నాళ్లూ ఏయే పిట్టలు వచ్చాయో రాస్తే సరిపోయేది. ఈసారి ఎన్నో చెప్పమన్నారు. ఈయన ఎక్కువ పిట్టలు దిగిన రోజు చూసి, ఆ రోజు నా గీతలు కూడి పంపారు.

"జాబితాలోంచి మన మడుగు పేరు కొట్టేశారు," అన్నారు సంఘం పెద్ద, రిటైరైన మాస్టారు. "నాలుగొందల పన్నెండు పిట్టలేనట. రేపే ఆఖరి విచారణ. ఆ తర్వాత మట్టి లారీలే."

ట్రే బల్ల మీద పెట్టాను. "నాలుగువేల నూటఇరవై. గీతకి పది."



"ముందే చెప్పి ఏడవొచ్చుగా!" ఈయన నా మీదికి లేచారు. "అందరి ముందూ నా పరువు తీశావు."

"ఆరేళ్లలో ఒక్కసారైనా అడిగారా?"

మాస్టారు సర్దబోయారు. "అయిందేదో అయిందమ్మా. నువ్వు చెప్పు, ఆయన రాసుకుని పొద్దున బస్సుకి పట్టుకెళ్తాడు."

ఈయన అప్పుడే పెన్ను తీశారు. "ఊఁ, తొందరగా చెప్పు." ఆ ఊఁ విని నా ఒళ్లు మండిపోయింది.

"గీసింది నేను. అక్కడ చెప్పేదీ నేనే."

"నువ్వా?" నవ్వారు. "అంతమంది ఆఫీసర్ల ముందు నీకు నోరు పెగులుతుందా? మరి ఇక్కడ వంటెవరు చేస్తారు?"

ఆరు నోటుపుస్తకాలూ సంచిలో పెట్టుకున్నాను. కొత్తది ఒకటి తెచ్చి ఆయన ముందు పడేశాను.

"రేపు గట్టు మీదికి మీరు వెళ్లండి. ఒక్క పొద్దు కూడా తప్పకూడదు. గీతకి పది, మర్చిపోకండి. వచ్చేటప్పుడు పాలు తీసుకురండి."