శుక్రవారం వల

నల్లరాయి దగ్గర తీరం లోపలికి ఒంపు తిరిగిన చోటు రెండు వలల వెడల్పు కూడా ఉండదు. అయినా దానికోసం కీచులాడుకునేవాళ్ళు నాలుగు రకాలు. తాతల నాటి నుంచి అక్కడ వల వేసే జాలర్లు, ఎండాకాలం పట్నం నుంచి దిగే ఈతగాళ్ళు, వాళ్ళని మోటారు పడవలో తిప్పే తొలెగెన్, గుర్తుకి తాడు కట్టిన బుడగ పైన వదిలి, రాళ్ళ సందుల్లో డెక్కల రొయ్యల కోసం ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ళు.

మునిగేవాళ్ళలో అక్‌బోతాది పెద్ద నోరు. ఊరి ఆసుపత్రిలో నర్సు. జాలర్లలో ఇజ్‌బాసర్‌ది పెద్ద వయసు. పోయిన వారం రేవులో ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"నారింజ బుడగొకటి పైన వదిలి నువ్వు అడుగున దాక్కుంటే నేనెటు పోవాలమ్మాయ్? ఆకాశంలోంచా?"

"బుడగ కనబడితే దూరంగా తప్పుకుని పోవాలి ఆగా. కనబడకపోతే మా ఆసుపత్రికి రండి, కళ్ళద్దాలు నేనే రాయిస్తాను."

'ఆగా' అని పెద్దన్న వరస పెట్టి మరీ అనేసరికి రేవంతా నవ్వింది. తొలెగెన్ అయితే కడుపు పట్టుకుని మరీ నవ్వాడు. ఇజ్‌బాసర్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఈసారి నా దారిలో కనబడనీ, దాని మీంచే పోనిస్తా!" అనేశాడు.

ఇంటికొచ్చాక భార్య కంషాత్ టీ పోస్తూ, "అరవై దాటాయి. నాలిక్కి ఇంకా పాతికేళ్ళే" అంది.

ఆ ఊళ్ళో శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా జాలరి పడవ కదలదు. ఎవరూ రాసిపెట్టింది కాదు, పెద్దలు నడిచిన దారి. కానీ ఈ గురువారం సాయంత్రం గాలి విరుచుకుపడి ఇజ్‌బాసర్ వల ఎత్తలేకపోయాడు. తెల్లారేసరికి సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. మధ్యాహ్నం దాకా ఆగితే ఆ ఎండకి వల్లో చేపంతా పాడైపోతుంది. దేవుడిచ్చిన తిండిని చేతులారా కుళ్ళబెట్టడం తప్పు కాదా? పెద్దల దారి తప్పడం మాత్రం ఒప్పా? రెండూ తూచి చూశాడు. ముల్లు ఎటూ మొగ్గలేదు. బిస్మిల్లా అనుకుని ఒక్కడే బయల్దేరాడు.

శుక్రవారం, అందులోనూ ఇంత పొద్దున్నే నీళ్ళ మీద ఇంకెవరుంటారన్న ధీమాతో ఇంజను పూర్తి వేగంతో తిప్పాడు. ఎదురెండ కళ్ళలో కొడుతోంది. నల్లరాయి దాటి ఒంపులోకి తిరిగాడో లేదో, పడవ కింద ఏదో ధబ్‌మంది. ఇంజను ఒక్కసారి గింజుకుంది. చటుక్కున ఆపేశాడు.

వెనక నారింజ రంగు ముక్కలు రెండు తేలుతున్నాయి. వాటిలో ఒకదానికి తెగిన తాడు.

ఆ బుడగ ఎవరిదో ఇజ్‌బాసర్‌కి తెలుసు. "అక్‌బోతా!" అని అరిచాడు. కొండ అదే పేరు తిరిగి అరిచింది. నీటి మీద ఊపిరి బుడగ ఒక్కటి లేదు.

మీంచే పోనిస్తా అని పదిమంది ముందు అన్నాడు. కావాలని చెయ్యలేదంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు? 'నమ్మకపోతే పోనీ ప్రభూ, ఊరు నన్ను ఏమన్నా అననీ, ఆ పిల్లని పైకి రానీ' అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ సముద్రం మీదే ఉన్నాడు, ఈత రాదు. అక్కడి జాలర్లలో సగం మందికి రాదు. చేతికందిన తెడ్డుని నీళ్ళలోకి చాపి, ఎవరో పట్టుకుంటారన్నట్టు అలాగే వంగి ఉండిపోయాడు.

చివరికి తెగిన తాడు కొస పక్కనే తేలుతుంటే పట్టుకున్నాడు. లాగాలంటే భయం, వదలాలంటే భయం. కళ్ళు మూసుకుని బారెడు బారెడు లాగాడు. తాడు తేలిగ్గా వచ్చింది. చివర ఒక సంచీ, అందులో మతంలో తగదని ఆయన ముట్టని డెక్కల రొయ్యలు నాలుగు, ఒకదాని మీద ఒకటి పాకుతూ. మనిషి మాత్రం లేదు.

"ఆగా! ఆ ఇంజను ముట్టుకోకండి!"

గొంతు వెనక నుంచి, నల్లరాయి నీడలోంచి వచ్చింది. అక్‌బోతా రాతిని కరుచుకుని రొప్పుతోంది. ఇజ్‌బాసర్ పడవలో కూలబడిపోయాడు. అల్‌హందులిల్లా అనబోతే మాట సగంలో ఏడుపైపోయింది.

"దెబ్బ తగిలిందా తల్లీ?"

"మోచెయ్యి గీరుకుపోయింది. మీరు సరిగ్గా నా నెత్తిమీదే ఆపి కూర్చుంటే ఎలా పైకి రాను? ఆగిన ఇంజను ఎప్పుడు తిరుగుతుందో ఎవరికి తెలుసు? అడుగునే పాకి ఇటొచ్చాను. ఇంకాస్తయితే ఊపిరి పోయేది!"

"నిన్ను వెతకడానికే ఆపానే!"

"శుక్రవారం పూట మీకు సముద్రంలో ఏం పనండీ? జాలర్లు రారనే కదా పైన కాపలాకి ఎవర్నీ పెట్టుకోకుండా ఒక్కదాన్నే మునిగాను!"

"ఎవరూ ఉండరనే కదా నేనూ కన్ను మూసుకుని వచ్చాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్లకే ముందు నవ్వొచ్చింది. పళ్ళు టకటక కొట్టుకుంటూ నవ్వింది.

పడవలోకి ఎక్కించి తన కోటు కప్పాడు. ఫ్లాస్కులో వేడి టీ, కంషాత్ నూనెలో వేయించి మూట కట్టిన పిండి ఉండలు, బౌర్సాక్‌లు, ఇచ్చాడు. అక్‌బోతా నోటి నిండా కుక్కుకుంది.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలెట్టాడు.

"కావాలని చేసినవాడు నీళ్ళలోకి తెడ్డు చాపి వెతకడు ఆగా. అడుగు నుంచి అంతా చూశాను."

"రేవులో నేనే చెబుతాను. ఎవరో చెప్పగా వినడం కాదు. ఇకమీదట నల్లరాయి నుంచి లోపలికి ఎవరి పడవైనా సరే, తొలెగెన్‌దైనా సరే, ఇంజను ఆపి తెడ్డుతోనే రావాలని కూడా చెబుతాను."

"వాడు వింటాడా?"

"నా కథ వింటే వింటాడు. వినకపోతే కంషాత్‌ని పంపుతా."

"మేమూ ఒంటరిగా మునగం. శుక్రవారమైనా సరే," అంది అక్‌బోతా.

ఇద్దరూ కలిసి వల ఎత్తారు. చేప సగం చచ్చినా పాడవలేదు. పని ముగిశాక ఇజ్‌బాసర్ ఇంజను వైపు చూడకుండా తెడ్లు అందుకున్నాడు.

"నమాజుకి ఆలస్యమవుతుంది, ఇంజను తిప్పండి."

"నల్లరాయి దాటనీ. కింద ఎవరైనా ఉండొచ్చు."

"కింద ఉండేది నేనొక్కదాన్నే ఆగా. ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని మీ బౌర్సాక్‌లు తింటున్నాను!"

"ఉండు, ఉండు," అన్నాడాయన, నీళ్ళలోకి తొంగి చూసుకుంటూ నెమ్మదిగా తెడ్డు వేస్తూ.